ఇంజనుకు ఎక్కిళ్ళు

మా పెళ్ళై ఇంకా ఏడాది నిండలేదు. అప్పుడే నేను "ఆ రోజుల్లో" అని మొదలుపెడితే మా ఆయన పేపరు చాటు నుంచి నవ్వుతారు.

"ఏ రోజులల్ల? పోయిన ఆషాఢంలనా?"

అవును, పోయిన ఆషాఢంలోనే. పందొమ్మిది వందల అరవై మూడు అంటే నిన్నగాక మొన్న. కానీ అప్పటి మా ఊరికి ఒక చప్పుడు ఉండేది. సాయంత్రం ఆరైతే చాలు, ఊరి తూర్పు కొస నుంచి దుక్, దుక్, దుక్ అని మొదలయ్యేది. పాలు పిండేవాళ్ళు, పొయ్యి రాజేసేవాళ్ళు, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మా బాపు, అంటే నాన్న, అందరూ ఆ చప్పుడులోనే పనులు చేసుకునేవాళ్ళు. ఇప్పుడు ఊరు అక్కడే ఉంది, దీపాలు ఇంకా ఎక్కువే ఉన్నాయి. చప్పుడు మాత్రం పోయింది. మొన్న పుట్టింటికి వెళ్ళినప్పుడు సాయంత్రం చెవులు దిబ్బడ వేసినట్టు అనిపించి రెండుసార్లు వేలు పెట్టి తిప్పుకున్నాను.

అది నూనె ఇంజను. గోడ మీద పవర్ హౌస్ అని రాసి ఉన్నా మా జనం దాని ఇంటిని బిజిలీఘర్ అనే అనేవాళ్ళు. మా కోసం కొన్న ఇంజను కాదది. సముద్రం ఒడ్డున ఏదో పట్నంలో పదిహేనేళ్ళు నూనె తాగి దీపాలు వెలిగించింది. ఆ పట్నానికి కొండల్లోని జలపాతం నుంచి కరెంటు వచ్చాక దాని అవసరం తీరిపోయింది. ముక్కలు విప్పి, రైల్లో ఆలేరు దాకా, అక్కడి నుంచి లారీల మీద మా ఊరి దాకా తెచ్చారు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. బోల్టుల సందుల్లో తెల్లగా పెచ్చులు కట్టి ఉంటే మా వాడ ఐలేశం గోటితో గీకి నాలుక మీద వేసుకుని, "ఉప్పురా!" అని అరిచాడు. అంతే, సముద్రం ఎరగనివాళ్ళమంతా వరుస కట్టి సముద్రాన్ని రుచి చూశాం. నాకు ఎక్కువగా తుప్పే తగిలింది. అయినా బడిలో సముద్రం తిన్నానని చెప్పుకున్నాను.

ఆ ఐలేశమే దానికి డ్రైవరు. మా బాపు రాజం కంటే నాలుగేళ్ళు పెద్ద, అందుకే నాకు పెద్దబాపు. పుట్టింది సాలె వాడలోనే అయినా మగ్గం అంటే గిట్టదు. "మగ్గం మీద కూసుంటే నిద్రొస్తది, ఇంజను పక్కన కూసుంటే తెలివొస్తది" అనేవాడు. చదువు లేదు. కానీ ఇంజను పక్కమీద అరచెయ్యి ఆనించి, "సీన్మా డేరాల ఆట మొదలైంది" అని చెప్పేవాడు. అక్కడ బుగ్గలు, అదే బల్బులు, వెలిగితే ఇక్కడ ఇంజను కాస్త ఎక్కువ రొప్పుతుంది. ఆ తేడా మాకెవరికీ వినిపించదు, ఆయన చేతికి తెలుస్తుంది. ఆరేళ్ళలో తాను ఉండగా ఊరి దీపం ఒక్కసారి కూడా వణకలేదని ఆయన గర్వం. ఆ గర్వం మా వాడకూ ఉండేది. తెగిన పట్టుపోగును అతికేటప్పుడు దీపం రెప్ప కొడితే ఏమవుతుందో నేతవాళ్ళకే తెలుసు.

బిజిలీఘర్‌లో ఇంజను గదికి పక్కన గోడ అవతల బోర్డు గది. అక్కడ ముళ్ళూ మీటలూ చూసుకునే ఆపరేటరుగా వచ్చారు మా ఆయన పరమేశ్వర్. ఆలేరు వాళ్ళు. ఇంకా పర్మనెంటు కాలేదు. నేను నల్గొండలో స్కూలు, హైదరాబాదులో బీయే పూర్తి చేసుకుని వచ్చిన ఏడాదే ఆయన రావడం, వైశాఖంలో మా పెళ్ళి జరగడం. బిజిలీఘర్ గోడకు ఆనుకునే మా క్వార్టరు. రెండు గదులు. ఇంజను నడుస్తుంటే చెంబులో నీళ్ళ మీద సన్నటి వలయాలు లేచేవి. మేకుకు తగిలించిన నా గాజులు వాటంతట అవే గలగలమనేవి. ఆ గాజుల సంగీతం ఏ కొత్త కోడలికి దొరికింది చెప్పండి! నెలన్నర రోజులు ఆ గదుల్లో ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్నదాని మీద కూడా ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

అంతలో ఆషాఢం వచ్చింది. ముందురోజే మా అవ్వ, బాపును కన్న లక్ష్మీనర్సమ్మ, నన్ను తీసుకుపోవడానికి వచ్చి కూర్చుంది.

"నాలుగు సందుల అవతలనే గద అవ్వా మన ఇల్లు. నేను పోతే ఈయనకు వండేదెవరు?"

"నీ పెండ్లి గాకముందు మన్ను తిన్నడా? ఆషాఢంల అల్లుడు అత్త గడప తొక్కొద్దు, కొత్త పెండ్లాం మొగని మొహం చూడొద్దు. నడువు పొల్లా."

పెట్టె సర్దుకుంటూ మెల్లగా ఆయన్ని అడిగాను. అడిగింది నేనే, ఆ సంగతి దాచను. "నెల దినాలు. నన్ను యాది చేసుకుంటున్నరని నాకెట్ల తెలవాలె?"

ఆయన, అవ్వ అటు తిరిగి ఉన్నప్పుడు, "ఊర్ల ఉన్న బుగ్గలన్ని నా చేతిలనే ఉంటయి. ఏడు గొట్టంగనే మీ ఇంట్ల బుగ్గ దిక్కు చూడు" అన్నారు.

మరునాడు ఏడింటికి నేను పుస్తకం తెరుచుకుని బుగ్గ కిందే కూర్చున్నాను. ఒక్క అక్షరం చదవలేదు. ఉన్నట్టుండి బుగ్గలోని తీగ తెల్లదనం తగ్గి కుంకుమ రంగుకు దిగింది. మళ్ళీ లేచింది. మళ్ళీ దిగింది, లేచింది. రెండుసార్లు. బోర్డు మీద గుండ్రటి చక్రం ఒకటి ఉంటుంది, దాన్ని ఎడమకు తిప్పితే కరెంటు బలం తగ్గి ఊళ్ళో దీపాలన్నీ మందగిస్తాయి. ఆ చక్రం తిప్పి మా ఆయన నన్ను పలకరించారు! రెండు వేల గడప ఉన్న ఊళ్ళో ప్రతి ఇంట్లో నా కోసం దీపం తల వంచింది. మహారాణులకైనా జరిగిందా ఇది? నేను పుస్తకంలో మొహం దాచుకుని నవ్వాను.

బయట అరుగు మీద నుంచి దశరథం కేక వేశాడు. మా ఎదురింటి నేతగాడు, మాట పడనివ్వడు. "ఏందిది, ఇంజనుకు ఎక్కిళ్ళు లేసినయి!"

"ఎవరో యాది చేస్తున్నరు" అన్నాడు మా బాపు మగ్గం ఆపకుండానే.

"ఇంకెవరు, సముద్రపోళ్ళే. ఇన్నొద్దులకు యాదికొచ్చింది పాపం!"

వాడంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను.

రోజూ అదే. నాలుగోనాటికి "ఏడైతాంది, ఎక్కిళ్ళ యాళ్ళయింది" అని అరుగుల మీదికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. పనికి పోతున్న ఐలేశాన్ని దశరథం ఆపి, "అన్నా, దానికి జర నీళ్ళన్న తాపరాదు" అనేవాడు. మొదట్లో ఐలేశం కూడా, "నీ నోట్ల పోస్తే రెండూ బందయితయి" అని జవాబిచ్చేవాడు. తరువాత జవాబివ్వడం మానేశాడు. ఆరు గంటల డ్యూటీకి మధ్యాహ్నం రెండింటికే పోతున్నాడని ఆయన కోడలు భద్రమ్మ చేదబావి దగ్గర చెప్పింది. "అన్నం సద్ది గట్టిస్తే గట్లనే తిరిగొస్తాంది. ఇంజన్ని విప్పుతడు, మల్ల బిగిస్తడు" అంది. నేను విన్నాను. విని కూడా ఆ సాయంత్రం ఏడింటికి బుగ్గ కేసి చూస్తూనే కూర్చున్నాను. సంతోషంలో ఉన్నవాళ్ళకు పక్కవాళ్ళ ఆకలి చివరికి గాని వినిపించదు కాబోలు.

పదోరోజు మధ్యాహ్నం ఐలేశమే మా ఇంటికి వచ్చాడు. చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చినట్టున్నాడు, గీతల్లో మాత్రం నూనె నల్లగా అలాగే ఉంది. చేతిలో ఒక తెల్ల కాగితం.

"బిడ్డా, కాలేజి చదివినవు గద. ఇంగ్లీషుల ఒక అర్జీ రాసియ్యాలె."

"ఎవరికి పెద్దబాపూ?"

"ఎల్లుండి ఇంజనీరు సారొస్తడట. ఆయన చేతిల పెడుత. రాయి. నేను డ్రైవరు ఐలేశం. ఆరేండ్ల సంది గీ ఇంజను నా చేతిల ఉన్నది. ఇప్పుడు దినాం ఏడు గంటలకు దాని ఊపిరి మారుతాంది. నాజిళ్ళు కడిగిన, నూనె వడగట్టిన, విప్పి చూసిన. ఏం దొరుకతలేదు. ఇంజన్ల లోపం లేదంటే నా చేతులల్లనే ఉన్నట్టు. నా జాగల ఇంకొకల్ని పంపుండ్రి."

నేను మూడు వాక్యాలు రాశాను. నాలుగోది రాయడానికి చెయ్యి రాలేదు. "బోర్డు కాడ అడిగినవా పెద్దబాపూ?" అన్నాను.

"అడగకుంట ఉంటనా? రెండుసార్లు అడిగిన. ముల్లు మంచిగనే ఉన్నదన్నడు అల్లుడు సారు. సదువుకున్న పిలగాడు, అబద్ధమాడుతడా?"

ఆ సంగతి నాకు తెలియదు. బుగ్గ రెండుసార్లు తల వంచడమే నేను చూశాను. ఆ వెనక ఒక అబద్ధం ఉందని, దాన్ని నమ్మి ఒక మనిషి తన చేతుల్ని అనుమానిస్తున్నాడని నాకెలా తెలుస్తుంది?

కలం కింద పెట్టాను. "పెద్దబాపూ, నీ చేతులల్ల ఏ లోపం లేదు. ఆయన చక్రం తిప్పుతున్నరు. నా కోసం."

బాపు మగ్గం ఆగిపోయింది. చాటలో బియ్యం చెరుగుతున్న అవ్వ చేతులు ఆగాయి.

"నీ కోసమంటే?" అన్నాడు ఐలేశం.

చెప్పాను. ఆషాఢం, యాది, ఏడు గంటలు, అన్నీ. మనసులో ఉన్నప్పుడు అంత ముద్దుగా ఉన్నవి బయటికి వచ్చేసరికి ఎంత పిచ్చిగా ఉన్నాయో!

"దినాం రెండుసార్లా?"

"ఆ."

"ఇంజను మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది పెద్దబాపూ."

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకుని చాలాసేపు అలా ఉన్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. ఊపిరి పీలుస్తున్నాడు, అంతే. తరువాత లేచి, సగం రాసిన అర్జీ నా ముందు నుంచి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గిది నా తాననే ఉండనీ" అని వెళ్ళిపోయాడు.

అవ్వ చాట పక్కన పెట్టింది. "నడువు."

"ఏడికి?"

"బిజిలీఘర్‌కు. నువ్వు పెట్టిన మంట నువ్వే ఆర్పాలె."

"ఆషాఢం గద అవ్వా?"

"మొహం చూడకు. నేల చూసుకుంట మాట్లాడు."

అలా మా అవ్వ చెయ్యి పట్టుకుని, తల వంచుకుని, పట్టపగలు నాలుగు సందులు దాటాను. ఇంజను ఇంకా మొదలు కాలేదు. ఐలేశం నూనె డ్రమ్ము మీద కూర్చుని ఉన్నాడు. బోర్డు గదిలోంచి మా ఆయన వచ్చారు. వచ్చినట్టు పాదాలను బట్టి తెలిసింది. పదిరోజుల తరువాత మా ఆయన పాదాలు చూశాను. ఎడమకాలి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. అంత కష్టంలోనూ ఏం తగిలిందోనని నా ప్రాణం కొట్టుకుంది.

"అల్లుడు సార్" అన్నాడు ఐలేశం, "ముల్లు మంచిగ ఉన్నదన్నవు."

పాదాలు కదలలేదు. "తప్పయింది పెద్దబాపూ. నేనింకా పర్మనెంటు గాలే. తెలిస్తే నౌకరి పోతదని భయపడ్డ."

"నీ నౌకరికి ఫికర్ జేసి నా నౌకరి నాతోనే తీయిస్తుంటివి గదా." కాగితం తీస్తున్న చప్పుడు. "బిడ్డ సగం రాసింది. మిగిలింది రాపియ్యాల్నా వద్దా? నువ్వే చెప్పు."

నాకు ఆ క్షణంలో మా ఆయన మొహం చూడాలని ఎంత అనిపించిందో! అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పాదాలు వెనక్కి తిరిగి బోర్డు గదిలోకి వెళ్ళాయి. పారిపోయారా అనుకున్నాను. మళ్ళీ వచ్చాయి. రోజూ కరెంటు లెక్కలు రాసే పెద్ద పుస్తకం తెచ్చి డ్రమ్ము మీద పెట్టారు. ఆ పుస్తకంలో రాసింది కొట్టివేయడానికి లేదు, చింపడానికి లేదు. ఇంజనీరు వచ్చినప్పుడల్లా మొదట చూసేది దాన్నే. ఆయన నిలబడే రాశారు. కలం గరగర వినిపించింది.

"ఏం రాసినవో బిడ్డ తెలుగుల చదువుతది" అన్నాడు ఐలేశం.

చదివాను. "గత తొమ్మిది రోజులు సాయంత్రం ఏడు గంటలకు కరెంటు బలం తగ్గడానికి కారణం నేను బోర్డు చక్రం తిప్పడం. అందుకు డిపార్ట్‌మెంటు పని ఏదీ లేదు. అడిగినప్పుడు డ్రైవరుకు అబద్ధం చెప్పాను. ఇంజనులో గాని, డ్రైవరు ఐలేశం పనిలో గాని ఏ లోపమూ లేదు."

"పని లేకపోతే ఎందుకు తిప్పినవని అడుగుతడు గద. కారణం రాయలే?"

"ఏమని రాయాలె పెద్దబాపూ?" మా ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"ఉన్నదే రాయి."

కలం చాలాసేపు గాలిలో ఆగింది. చివరకు "సొంత కారణం" అని రాశారు. మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో నేను చూడలేదు.

"నా గురించి రాసింది మల్ల చదువు బిడ్డా" అన్నాడు ఐలేశం. చదివాను. "ఇంకోసారి." మళ్ళీ చదివాను. మూడోసారి చదువుతుంటే ఆయన పెదవులు నాతో పాటు కదిలాయి.

అప్పుడు లేచి, "గీ పుస్తకం ఇంజనీరు చదువుతడు, మంచిదే. మన వాడోళ్ళు చదువరు గద" అన్నాడు.

అవ్వకు వెంటనే అర్థమైంది. "పొల్ల ఇజ్జత్ పోతది ఐలేశం!"

"నాది పోయి తొమ్మిది దినాలాయె చిన్నమ్మా."

అవ్వ నా చెయ్యి వదిలేసింది.

మరునాడు వాన తెరిపిచ్చింది. మా వాడలో పొద్దున్నే పడుగు సాచారు. వీధి ఈ కొస నుంచి ఆ కొసకు దారాలు బిగించి, గంజి పట్టించి, ఇటూ అటూ నిలబడి కుంచెలతో దువ్వుతారు. గంజి ఆరేదాకా ఎవరూ చెయ్యి ఆపడానికి లేదు, కదిలి పోవడానికి లేదు. ఐలేశం ఆ వేళనే ఎంచుకున్నాడు. వాడ మొదట్లో మా ఆయన పుస్తకం పట్టుకుని నిలబడ్డారు. వీధి తొక్కవచ్చు, గడప తొక్కకూడదు. నేను తల వంచుకుని వెళ్ళి పుస్తకం అందుకుని, తడి దారాల పక్కన నిలబడి, బీయే పాసైన గొంతుతో అంతా చదివాను. సొంత కారణం దగ్గర మాత్రం గొంతు తగ్గించాను.

"ఆగు ఆగు" అన్నాడు దశరథం కుంచె ఆపకుండా. "గా సొంత కారణం జర మల్ల చదువు!"

"మా ఇండ్లల్ల దీపం తగ్గించి వాళ్ళింట్ల వెలిగించుకున్నరే!" అని ఒకామె.

"ఎక్కిళ్ళు ఇంజనుకు గాదు, అల్లునికి!"

నవ్వులతో పడుగు ఊగింది. మా బాపు తల ఎత్తలేదు, ఆయన చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నేను నేలలోకి కుంగిపోతూ, సిగ్గులేకుండా, వాడ మొదట్లో ఆయన కూడా నవ్వాపుకుంటున్నారని భుజాల నీడను బట్టి కనిపెట్టాను.

"నవ్వుండ్రి, మంచిగ నవ్వుండ్రి" అన్నాడు ఐలేశం. పడుగు మధ్యదాకా నడిచి వచ్చి దశరథం ఎదురుగా రెండు అరచేతులూ చాపాడు. "గీ చేతులు మంచిగున్నయా లేవా, గది చెప్పి నవ్వుండ్రి."

నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోయింది. దశరథం కుంచె పక్కవాడికి అందించాడు. పడుగు మధ్యలో ఆ పని ఎవరూ చేయరు. ఐలేశం చేతులు తన గంజి చేతుల్లోకి తీసుకుని, "మంచిగున్నయన్నా. మేమే లేకిగ మాట్లాడినం" అన్నాడు.

ఐలేశం జేబులోంచి అర్జీ తీసి నా చేతిలో పెట్టాడు. "పొయ్యిల పెట్టు బిడ్డా" అన్నాడు.

ఇంజనీరుగారు కోస్తా మనిషి. పుస్తకం చదివి, "ఏవయ్యా పరమేశ్వర్, సొంత కారణవేంటయ్యా?" అని అడిగారట. మా ఆయన నిలువునా చెమట పట్టి ఊరుకుంటే, ఆయన గోడ మీది క్యాలెండరు చూసి, "ఆషాఢవా!" అన్నారట. నవ్వుతూనే మా ఆయన పర్మనెంటు ఆరునెలలు వెనక్కి జరిపారు. ఆ ఆరునెలలూ మాకు కష్టంగానే గడిచాయి, లేదనను. ఐలేశం గురించి మా ఆయన రాసిన వాక్యం కింద మాత్రం గీత గీసి సంతకం పెట్టారు.

దసరాకు పెద్ద లైను కరెంటు వచ్చింది. కార్తీకంలో ఇంజన్ని విప్పారు. మహబూబ్‌నగర్ దిక్కు ఇంకా కరెంటు లేని ఊరేదో ఉందని దాన్ని అక్కడికి పంపుతున్నారు. ఇంజను వెంట డ్రైవర్ని కూడా పంపమని ఆ ఇంజనీరుగారే రాశారు. ఆలేరుకు బదిలీ అయి మేం సామాను కట్టుకుంటున్న వారమే ఐలేశం కూడా తన గుడ్డలు మూట కట్టుకున్నాడు.

లారీ బయలుదేరిన ఉదయం వాడంతా వచ్చింది. భద్రమ్మ జొన్నరొట్టెలు కట్టిచ్చింది. దశరథం కొత్త తువ్వాలు భుజాన వేశాడు. లారీ డ్రైవరు ముందు తలుపు తెరిచి, "పెద్దమనిషి, ముందట కూసో, మంచిగుంటది" అన్నాడు.

ఐలేశం వినిపించుకోలేదు. వెనక చక్రం మీద కాలు పెట్టి పైకెక్కి, తాళ్ళతో కట్టిన ఇనుప ముక్కల మధ్య చోటు చేసుకుని కూర్చున్నాడు. అరచెయ్యి ఇంజను పక్కమీద ఆనించాడు.

"నేనేడ కూసుంటేంది" అన్నాడు, "దీనికే గా దారి కొత్త."